కోడలు పలకకూడని పేర్లు

బేగిమాయ్ ఎడమ కనుబొమ్మ సగం లేదన్న సంగతి ఇంట్లోవాళ్ళకంటే ముందు వీధి కనిపెట్టింది. మా అత్‌బాషీ ఊళ్ళో అంతే. మన పొయ్యిలో బొగ్గు అయిపోయిందని మనకంటే ముందు ఎదురింటివాళ్ళకి తెలుస్తుంది. అయ్యో పాపం అనడానికి అందరూ వస్తారు, బకెట్టెడు బొగ్గు పట్టుకుని మాత్రం ఎవరూ రారు.

ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు. మనసులో గుబులు పుడితే చాలు, చెయ్యి దానంతట అదే కనుబొమ్మ మీదికి పోతుంది. ఒక్కో వెంట్రుకా పీకి, చూసుకుని, కింద పడేస్తుంది. తల్లి సాల్కిన్ ఈ సంగతి బడి తెరిచిన కొత్తలోనే పసిగట్టింది. కానీ సాల్కిన్ ఆ ఇంటి కోడలు. కోడలు కనిపెట్టినది ఏదైనా సరే, అత్తగారు కనిపెట్టేదాకా ఆ ఇంట్లో జరగనట్టే లెక్క.

పిల్లకి గుబులు ఎందుకని అడిగినవాళ్ళు లేరు. అడగనక్కర్లేదు కూడా, దాని రోజు చూస్తే చాలు. పొద్దున బడి. బడి అయ్యాక పూసల చట్రం మీద గబగబా లెక్కలు చేయించే క్లాసు. అక్కణ్ణుంచి రష్యన్ ట్యూషను. ఇంటికొచ్చాక కొముజ్ తీగలు మీటడం. వీటన్నిటికీ పైన నానమ్మ బాత్మా. ఇంటికి ఎవరొచ్చినా, పాల డబ్బా ఇచ్చిపోయే మనిషైనా సరే, పిల్లని గది మధ్యలో నిలబెట్టి "ఏదీ, ఒకటి వాయించు. ఏదీ, ఒకటి చెప్పు" అనడం ఆవిడకి అలవాటు. వాయించాక, "ఏటవతలి తుర్దుబెక్ మనవడు ఇంతకంటే బాగా వాయిస్తాడు" అనడం అంతకంటే పాత అలవాటు.

ఒకరోజు టీ తాగుతూ బాత్మా పిల్ల మొహంకేసి చూసింది.

"ఏమే సాల్కిన్, దీని మొహం చూశావా? ఈకలు పీకిన కోడిలా ఉంది!"

"చూశానత్తయ్యా. గుబులు పుడితే అలా పీక్కుంటోంది. క్లాసులు ఒకటి రెండు తగ్గిస్తే..."

"గుబులా? తొమ్మిదేళ్ళ పిల్లకి గుబులా? తొమ్మిదేళ్ళప్పుడు నేను మందని మందే కాశాను. మంచు మోకాలిదాకా. చిరిగిన కోటు. నాకేమైనా గుబులు పుట్టిందా? నా కనుబొమ్మలు చూడు!"

బాత్మా కనుబొమ్మలు నిజంగానే దట్టమైనవి. ఆ కనుబొమ్మలు ముడిపడితే గుబులుపడేవాళ్ళు మాత్రం ఆ ఇంటినిండా ఉన్నారు.

సాల్కిన్ బడికి వెళ్ళి అడిగింది. పిల్లల మనసు బాగోగులు చూడటానికి అక్కడ ఒక మనిషి ఉన్నాడట. ఆయన వ్యాయామం మేష్టారు. చలికాలం పిల్లలు బయట పరిగెత్తరు గనక, మేష్టారు ఖాళీగా ఉంటాడు గనక, మనసుల పని కూడా ఆయనకే తగిలించారు. ఆయన మెడలో ఈల అలాగే ఉంచుకుని శ్రద్ధగా విన్నాడు.

"ఒత్తిడి అక్కా, ఒత్తిడి. ఈ కాలం పిల్లలకి మామూలే. వేరే పిల్లలతో పోల్చకండి. రోజుకో గంట ఊరికే ఆడుకోనివ్వండి. దేనికి భయమో మెల్లగా, దగ్గర కూచోబెట్టుకుని అడగండి. పొద్దుటికల్లా తగ్గేది కాదు, ఓపిక పట్టాలి."

మంచి మాటలు. సాల్కిన్‌కి కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నాళ్ళకి ఒక మనిషి దొరికాడనుకుంది. మర్నాడు ఆ మనిషే బేగిమాయ్‌ని క్లాసు ముందు నిలబెట్టి, "పిల్లలూ, ఈ అమ్మాయికి ఒత్తిడి ఉంది. బేగిమాయ్, నీ భయాలేమిటో అందరికీ గట్టిగా చెప్పమ్మా, సిగ్గుపడకు" అన్నాడు. ఆ సాయంత్రానికల్లా మిగిలిన సగం కనుబొమ్మ కూడా పోయింది.

తర్వాత బాత్మా పెద్దకొడుకు కుబాత్ వంతు. కుబాత్ రాజధాని బిష్కెక్‌లో ఏదో ఆఫీసులో ఉంటాడు. అక్కడ ఏం పని చేస్తాడో ఇంట్లో ఎవరికీ తెలీదు, సలహాలు మాత్రం ఫోన్లో రోజూ వస్తాయి.

"అమ్మా, పిల్లకి ఆత్మవిశ్వాసం లేదు. అదే రోగం. నేనిక్కడ పెద్దపెద్దవాళ్ళ ఉపన్యాసాలకి వెళ్ళాను, విను. భయపడేవాణ్ణి తీసుకెళ్ళి భయంలోకే తోసెయ్యాలి. ఈత రానివాణ్ణి ఏట్లోకి తోస్తే వాడే ఈదుకొస్తాడు."

కుబాత్‌కి ఈత రాదు. ఆ మాట ఆయనతో అనేవాళ్ళు లేరు, పట్నంలో ఉండే పెద్దకొడుకు కదా.

ఆ వారమే బాత్మా, జడుపు తియ్యడానికి సీసం పోసే షారిపాని పిలిపించింది. షారిపా పిల్ల నెత్తిన దుప్పటి కప్పి, దానిమీద చన్నీళ్ళ గిన్నె పట్టించి, కరిగిన సీసం అందులో చుయ్యిమని పోసింది. దుప్పటికింద పిల్ల ఎగిరిపడింది. షారిపా నీళ్ళలో గడ్డకట్టిన సీసాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "కుక్క. తెల్లకుక్క. దాన్ని చూసి జడుసుకుంది పిల్ల" అని తేల్చింది.

"మా వీధిలో తెల్లకుక్క లేదే?" అంది సాల్కిన్.

"ఎలా ఉంటుంది? పిల్లలోకి దూరిపోయాక వీధిలో ఎలా ఉంటుంది?" అంది షారిపా. "నెత్తురు చూపించాలి బాత్మా. పదిమందికీ అన్నం పెట్టాలి. పదిమంది దీవెనా పడాలి."

రెండు సలహాలూ బాత్మా బుర్రలో కలిసి ఒక ముద్దయ్యాయి. గుర్రాన్ని కొయ్యాలి. ఊరంతటినీ పిలవాలి. ఆ ఊరి ముందు పిల్ల నిలబడి, తన ఏడుతరాల తండ్రుల పేర్లు తడుముకోకుండా చెప్పాలి. దాంతో పిల్లకి భయం వదలాలి, తుర్దుబెక్‌కి నోరు మూతపడాలి. ఏడుతరాలు చెప్పలేనివాడు బానిసతో సమానమని మావాళ్ళ సామెత. కిందటి విందులో తుర్దుబెక్ మనవడు ఆ ఏడు పేర్లూ గడగడా చెప్పి గుర్రప్పిల్లని బహుమతిగా పట్టుకుపోయాడు. అప్పట్నుంచి బాత్మాకి నిద్ర లేదు. ఆవిడ నెత్తిన మాత్రం ఎవరూ సీసం పోయలేదు.

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు. పదిమంది ముందు నిలబడాలంటేనే వణికే పిల్లకి, ఆ వణుకు పోగొట్టడానికి వందమంది ముందు నిలబెట్టే మందు మావాళ్ళు తప్ప ఎవరూ కనిపెట్టలేరు.

పేర్లు వల్లెవేయించే పని కోడలికి అప్పజెప్పింది బాత్మా. అసలు తమాషా ఇక్కడే ఉంది. కోడలు మెట్టినింటి మగవాళ్ళ పేర్లు పలకకూడదు. భర్త పేరు, మామ పేరు, బావల పేర్లు, ఎప్పుడో మట్టిలో కలిసిపోయిన తాతముత్తాతల పేర్లు, ఏదీ నోట రాకూడదు. పట్నాల్లో ఈ పట్టింపు ఎన్నడో పోయింది. బాత్మా గడప లోపల మాత్రం గట్టిగా ఉంది. ఆవిడ కూడా కోడలిగా వచ్చినదే. చచ్చిపోయిన మొగుణ్ణి ఇప్పటికీ "పిల్లల తండ్రి" అంటుందే తప్ప సాదిర్ అని ఒక్కసారి అనలేదు.

ఆ పేర్లు ఉట్టి పేర్లైనా బాగుండేది. పిల్ల తండ్రి ఎర్మెక్, తాత సాదిర్. ఆపైన బోరూబాయ్, బోరూ అంటే తోడేలు. ఆపైన తెమిర్, అంటే ఇనుము. ఆపైన బల్తా, అంటే గొడ్డలి. ఆపైన తాష్తాన్, అందులో రాయి ఉంది. చిట్టచివర ఎసెన్. పేరులో ఉన్న మాట కూడా పలకకూడదు గనక, పెళ్ళయి ఆ ఇంటికొచ్చినప్పట్నుంచి సాల్కిన్ గొడ్డలి కావలసి వస్తే "కట్టెలు చీల్చేది ఇటివ్వండి" అంటుంది. అన్నంలో రాయి పంటికింద పడితే ఏమీ అనకుండా మింగేస్తుంది.

"మూడో ఆయన ఎవరమ్మా?" అని అడిగేది బేగిమాయ్.

"అదేనే... కొండమీద కూసేది. గొర్రెల్ని ఎత్తుకుపోయేది."

"దొంగా?"

"దొంగ కాదే. నాలుగు కాళ్ళది."

"నక్కబాయ్!"

"నా మామగారు నక్కా!" అని పక్కగదిలోంచి అరుపు. "అలాగేనా పిల్లకి నేర్పడం?"

"మరి మీరు చెప్పండత్తయ్యా."

"నేనెలా చెప్తానే? నేనూ కోడల్నే కదా!"

రాసి ఇస్తానంటే బాత్మా ఒప్పుకోలేదు. నోటితో అనకూడనిది చేత్తో గీకుతావా అంది. పోనీ మగవాళ్ళు చెప్పాలి. ఎర్మెక్‌ని అడిగితే, "ఎర్మెక్, సాదిర్, బోరూబాయ్, తెమిర్..." అని నాలుగుదాకా జోరుగా వచ్చి, "ఉండు, గొడ్లకి గడ్డి వెయ్యలేదు" అని లేచిపోయాడు. కుబాత్ ఫోన్లో చెప్పిన వరసలో బల్తా కంటే ముందే తాష్తాన్ ఉన్నాడు, ఎసెన్ అసలు లేనే లేడు. ఆ ఇంట్లో ఏడు పేర్లూ వరస తప్పకుండా తెలిసినది ఒక్క సాల్కిన్‌కే. ఎందుకు తెలీదు? ఏ మాట దగ్గర ఆగాలో క్షణక్షణం గుర్తుపెట్టుకుంటేనే గదా దాన్ని తప్పించుకోగలం. చెప్పుకునే హక్కున్నవాళ్ళు మర్చిపోయారు, చెప్పకూడనిదానికి కంఠతా వచ్చు.

ఎలాగో పిల్ల నేర్చుకుంది. సాయంత్రం తల్లి ఆవు పాలు పితుకుతుంటే పక్కన పీటేసుకుని కూచునేది. అక్కడ ఎవరూ ఏమీ అడగరు. ఆవు అసలు అడగదు. ఆ ఒక్క వేళ పిల్ల నోరు మూతపడేది కాదు. బళ్ళో ఎవరు ఎవర్ని గిల్లారో, పూసల లెక్కల టీచరు ఎలా తుమ్ముతుందో, అన్నీ చెప్పేది. ఒక చేత్తో ఆవు డొక్క నిమురుతూ ఏడు పేర్లూ ఒక్కటి తప్పకుండా చెప్పేసింది ఒకరోజు. చెయ్యి కనుబొమ్మ మీదికి పోనేలేదు. సాల్కిన్ అది చూసింది. వ్యాయామం మేష్టారు చెప్పిన మంచి మాటలన్నిటికీ అర్థం ఆ పాకలో, ఆ పేడవాసనలో దొరికింది ఆవిడకి.

"అమ్మా, ఆవుకి చెప్పాను గదా. ఇక చాలదా?" అంది పిల్ల.

"విందులో చెప్పమంటోంది నానమ్మ."

"అందరూ నా నోటికేసి చూస్తారమ్మా. వాళ్ళు చూస్తే నోట్లో ఏమీ ఉండదు." తల్లికి దగ్గరగా జరిగింది. "నన్ను నిలబెట్టనివ్వకమ్మా."

"నిలబెట్టనివ్వను" అంది సాల్కిన్.

అనేసింది గానీ, ఎలాగో తెలీదు. ముందు మొగుణ్ణి పట్టుకుంది. ఎర్మెక్ మంచివాడు. మా ఊళ్ళో ఎందుకూ కొరగానివాణ్ణి మంచివాడంటారు.

"ఏమండీ, అత్తయ్యకి చెప్పండి. విందు పెట్టుకోమనండి. పిల్లని మాత్రం వదిలెయ్యమనండి."

"చెప్తాను. ఇవాళే చెప్తాను. అదెంత పని!" అని టోపీ సర్దుకుని వీరుడిలా తల్లి గదిలోకి వెళ్ళాడు. కాసేపటికి బయటికొచ్చి, "గుర్రాన్ని ఏ సంతలో కొనాలో చెప్పింది" అన్నాడు.

ఇక తనే వెళ్ళింది సాల్కిన్. వంగి, మెల్లగా, కోడలు అడగాల్సినట్టే అడిగింది.

"అత్తయ్యా, ఎంతమందినైనా పిలవండి. అందరికీ నేనే వండిపెడతాను, వడ్డిస్తాను. పిల్లని మాత్రం నిలబెట్టకండి. ఇంకా జడుసుకుంటుంది."

"నువ్వే దాన్ని పాడుచేస్తున్నావు. తల్లి పిరికిదైతే పిల్ల సింహం ఎలా అవుతుంది? ఊరందరికీ కబురెళ్ళింది. ఇప్పుడు మానేస్తే నేను మొహం ఎక్కడ పెట్టుకోను?"

"నేనూ మొహం సంగతే చెప్తున్నానత్తయ్యా. దాని మొహం..."

"చాల్లే. టీ చల్లారిపోయింది, మార్చు."

విందురోజు పొద్దున్నే ఉస్మా ఆకు నూరి, ఆ రసంతో పిల్లకి లేని కనుబొమ్మ దిద్దారు. రోగం కనబడకపోతే పోయినట్టే కదా! బాత్మా దూరంనుంచి తల పక్కకి వంచి చూసి, "ఇప్పుడు మనిషిలా ఉంది" అంది. పిల్లకి మఖమల్ జాకెట్టు తొడిగారు. అది పొద్దున్నుంచి ఏమీ తినలేదు, నూనెలో వేయించిన బోర్సోకు ఒక్కటి తింటే అదీ కక్కేసింది. "ఆకలితో ఉంటే గొంతు బాగా పలుకుతుంది" అన్నాడు కుబాత్. రాత్రే దిగాడు బిష్కెక్‌నుంచి, మెరిసే బూట్లతో.

మధ్యాహ్నానికి ఇల్లు నిండిపోయింది. తలుపుకి ఎదురుగా ఉన్న గౌరవస్థానంలో పెద్దవాళ్ళు తెల్లటోపీలతో బారుగా కూచున్నారు. తుర్దుబెక్ మనవణ్ణి వెంటబెట్టుకుని మరీ వచ్చాడు. వచ్చినవాళ్ళంతా పిల్లల ఒత్తిడి గురించే మాట్లాడుకున్నారు. బుగ్గ గిల్లి "దీనికేనా ఒత్తిడి?" అన్నవాళ్ళు కొందరు. గడ్డం పట్టుకుని వెలుతురువైపు తిప్పి, దిద్దిన కనుబొమ్మని వేలితో రుద్ది చూసినవాళ్ళు కొందరు. ఫోన్లు ఎక్కువ చూస్తే ఇలా అవుతుందని, ఫోనులోంచి తల ఎత్తకుండా చెప్పింది ఒకావిడ. మాంసం రాగానే అందరికీ ఒత్తిడి తగ్గింది.

సాల్కిన్ తలుపు పక్కన సమోవారు దగ్గర కూచుని కప్పులు నింపుతోంది. కోడలి చోటు అదే. అక్కణ్ణుంచి పిల్ల వీపే కనబడుతోంది.

తిండి ముగిశాక బాత్మా గొంతు సవరించుకుంది. "నా మనవరాలు ఏడుతరాలు చెప్తుంది. వినండి." కుబాత్ లేచి ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. "చూడండి, భయం ఎలా వదులుతుందో. అంతా శాస్త్రప్రకారమే" అన్నాడు.

బేగిమాయ్ గది మధ్యలో నిలబడింది. అందరూ దాని నోటికేసి చూశారు.

"ఎర్మెక్" అంది. "సాదిర్."

ఆగిపోయింది.

"ఊఁ, చెప్పు చెప్పు."

"సాదిర్" అంది మళ్ళీ.

"సాదిర్ అయిపోయాడమ్మా, పాపం ఎన్నిసార్లు చంపుతావు?" అన్నాడెవరో. నవ్వులు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తుర్దుబెక్ మనవడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. తుర్దుబెక్ ఏమీ అడ్డం పెట్టుకోలేదు, హాయిగా నవ్వాడు.

ఎర్మెక్ కూతురికి అందిద్దామని పెదాలు కదిపాడు. అతనికీ అందలేదు. కుబాత్ "తాష్తాన్! తాష్తాన్!" అని గుసగుసలాడాడు. "తాష్తాన్ ఎక్కడ? ముందు బల్తా" అన్నాడు ఒక ముసలి చుట్టం. "బల్తా ఎవడు, బల్తా తమ్ముడి వంశం కదా" అన్నాడు ఇంకో ఆయన. ఆ ఇంటి మగవాళ్ళు వాళ్ళ తాతల వరస కోసం అక్కడే పోట్లాట మొదలెట్టారు. మధ్యలో పిల్ల నిలబడే ఉంది. "దించకు, తల దించకు, ఇటు చూడు" అని ఫోను వెనకనుంచి కుబాత్ కసురుతున్నాడు.

అప్పుడు పిల్ల చెయ్యి లేచింది. ఎడమవైపు దిద్దిన రంగు చెమటకి కరిగి ఆకుపచ్చగా చెంపమీదికి కారుతోంది. చెయ్యి అక్కడ తడిమింది, ఏమీ దొరకలేదు. కుడివైపుకి పోయింది. ఆ ఒక్కటే బాగున్న కనుబొమ్మ. అందరి ముందూ, అన్ని ఫోన్ల ముందూ, ఒక్కో వెంట్రుకా పీకడం మొదలుపెట్టింది. పీకి, చూసుకుని, కింద పడేస్తోంది. దాని మొహంలో ఏడుపు కూడా లేదు.

సాల్కిన్‌కి ఒళ్ళు మండిపోయింది. చేతిలో కప్పు కింద పెట్టింది. లేచి, పెద్దవాళ్ళ మోకాళ్ళ మధ్యనుంచి, పరిచిన భోజనాల గుడ్డ అంచు తొక్కుకుంటూ, కోడలు ఎప్పుడూ అడుగుపెట్టని చోటికి నడిచింది. కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దించి, తన రెండు చేతుల్లో మూసి పట్టుకుంది.

"ఎర్మెక్" అంది సాల్కిన్.

తలుపు దగ్గర ఎవరిదో కప్పు దొర్లింది.

"సాదిర్. బోరూబాయ్. తెమిర్. బల్తా. తాష్తాన్. ఎసెన్."

ఒక్కటి తప్పలేదు, ఒక్కచోట ఆగలేదు, గొంతు తగ్గించలేదు. ఘోరం విన్నప్పుడు మావాళ్ళు చేసినట్టే, ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా గౌను కాలర్లు పట్టుకున్నారు. నోటిదాకా వచ్చిన మాంసం ముక్క ఒక ముసలాయన చేతిలో అలాగే ఆగిపోయింది. బాత్మా దట్టమైన కనుబొమ్మలు నుదుటి పైకంటా వెళ్ళిపోయాయి. కుబాత్ ఫోను ఇంకా ఎత్తిపట్టుకునే ఉన్నాడు. అంతా అందులో పడింది, పాపం, శాస్త్రప్రకారమే.

"ఏడుతరాలూ విన్నారు కదా" అంది సాల్కిన్. "పిల్లకి దీవెన ఇవ్వండి. టీ కావలసినవాళ్ళు పోసుకోండి."

కూతుర్ని నడిపించుకుంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. వెనక ఇల్లంతా తేనెతుట్టె కదిలినట్టు లేచింది. ఆ గొడవలో బేగిమాయ్ ఎవరికీ గుర్తే లేదు. నోరెత్తలేని పిల్లకంటే నోరు జారిన కోడలు ఎంతో రుచి. "తెల్లకుక్క పిల్లలోంచి తల్లిలోకి దూకింది, నేను కళ్ళారా చూశాను" అని షారిపా ప్రమాణం చేస్తోంది. దానికి ఇంకో గుర్రాన్ని కొయ్యాలట.

చుట్టాలు వెళ్ళీ వెళ్ళగానే బాత్మా వంటింటి గుమ్మంలోకి వచ్చింది. కొడుకులిద్దరూ ఆవిడ వెనక నిలబడ్డారు. బేగిమాయ్ పొయ్యి పక్కన కూచుని, రెండు చేతులా ఎముక పట్టుకుని కొరుక్కుతింటోంది.

"నా మామ పేరు ఎత్తావు" అంది బాత్మా. "నేను ముసల్దాన్నయినా ఎత్తలేదు. నువ్వు ఊరంతా వినేలా ఎత్తావు. తుర్దుబెక్ వినేలా!"

"ఎత్తానత్తయ్యా."

"రేపు ఇంటింటికీ వెళ్తావు. ప్రతి గుమ్మంలో వంగి తప్పైందంటావు. లేకపోతే మూట కట్టుకుని పుట్టింటికి పో."

"వంగుతాను. ఎన్ని గుమ్మాలైనా వంగుతాను, నడుముకేం? తప్పైందని మీరెన్నిసార్లు అనమంటే అన్నిసార్లు అంటాను." సాల్కిన్ చేతులు తుడుచుకుంది. "ఒక్కటి వినండి. పిల్ల ఇక ఎవరి ముందూ నిలబడదు. వాయించమని గానీ, చెప్పమని గానీ ఎవరైనా నిలబెడితే, పక్కన నేనూ నిలబడతాను. నిలబడి ఏడు పేర్లూ మళ్ళీ చెప్తాను. బజార్లో నిలబెడితే బజార్లో చెప్తాను. తుర్దుబెక్‌గారింట్లో అయితే ఇంకా గట్టిగా చెప్తాను."

"నన్నే బెదిరిస్తున్నావా?"

"లేదత్తయ్యా. కోడలు అత్తని బెదిరిస్తుందా? ముందే చెప్తున్నాను."

"ఎర్మెక్! విన్నావా నీ పెళ్ళాం మాటలు?"

ఎర్మెక్ తల్లిని చూశాడు, పెళ్ళాన్ని చూశాడు, ఎముక కొరుకుతున్న కూతుర్ని చూశాడు. గొడ్లకి గడ్డి వెయ్యాలన్నాడు. ఎప్పటిలాగే గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగి, వెనక్కి తిరక్కుండానే, "పూసల లెక్కల క్లాసుకి రేపట్నుంచి పంపనమ్మా" అన్నాడు. అని, తను అన్నమాటకి తనే భయపడ్డట్టు గబగబా పాకలోకి పోయాడు. మంచివాళ్ళు కూడా అప్పుడప్పుడూ ఏదో ఒకటి చేస్తారు.

సాల్కిన్ ఇంటింటికీ వెళ్ళి వంగింది. ప్రతి గుమ్మంలో ఆడవాళ్ళు మూతులు తిప్పుకుని, లోపలికి పిలిచి, తలుపేసి, "నిజంగా అన్నీ అన్నావా? మీ ఆయన పేరు కూడానా? అన్నప్పుడు ఎలా అనిపించింది?" అని చెవిలో అడిగారు. షారిపా కోడలైతే రెండుసార్లు అడిగింది.

మంచు కరిగే రోజుల్లో తుర్దుబెక్ భార్య టీకి వచ్చింది. బాత్మా గుడ్డ పరిచి, మీగడ, జాము, బోర్సోకులు నింపింది. బేగిమాయ్ మీగడ గిన్నె దగ్గరికి జరిగి కూచుంది. దాని కళ్ళమీద సన్నగా నూగు మొలుస్తోంది. వచ్చినావిడ పిల్లని ఎగాదిగా చూసి, పంచదార నములుతూ అంది.

"ఏమ్మా, ఇప్పుడైనా ఏడుతరాలు వచ్చాయా? ఏదీ, లేచి నిలబడి చెప్పు, విందాం."

పిల్ల చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. బాత్మా కళ్ళు తలుపు పక్క సమోవారు వైపు తిరిగాయి. సాల్కిన్ నింపుతున్న కప్పు పక్కన పెట్టి, గొంతు సవరించుకుంది.

"పిల్లని తిననివ్వమ్మా!" అని గయ్యిమంది బాత్మా. "వచ్చినప్పుడల్లా అదేం పరీక్ష? చంటిపిల్ల, దానికి ఒత్తిడి!"

బేగిమాయ్ బోర్సోకుని మీగడలో అద్దుకుని తినసాగింది.